బేగంపేట మీది ఆకాశం

సికింద్రాబాదులో నివసించేవారికి విమానపు మోత కొత్త కాదు. తల ఎత్తి చూసేవారు ఉన్నారు కాని, ఆ విమానం ఏ దిక్కునుండి వస్తున్నదో గమనించేవారు తక్కువ. గమనించినట్లయితే ఆనాటి గాలి ఎటు వీస్తున్నదో ఇంటి ముంగిట నిలిచి చెప్పవచ్చును. బేగంపేట విమానాశ్రయపు రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. దాని ఒక కొనమీద 09 అనీ, రెండవ కొనమీద 27 అనీ పెద్ద అంకెలు వ్రాసి ఉంటాయి. ఉత్తరంనుండి లెక్కించిన 90 డిగ్రీలు, 270 డిగ్రీలు అని వాటి అర్థం; చివరి సున్నను వదలివేస్తారు. విమానం గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. నైరుతి ఋతుపవనం సాగే నెలలలో ఇక్కడ పడమటి గాలి కాబట్టి, దిగే విమానం సికింద్రాబాదు ఇండ్లమీదుగా వస్తుంది. చలికాలంలో గాలి తూర్పుకు తిరిగినప్పుడు లేచే విమానం మన నెత్తిమీదుగా పోతుంది.

1930ల నాటి ఈ విమానాశ్రయంనుండి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయినవి. చుట్టూ నగరం పెరిగి, ఒక ప్రక్క హుస్సేన్‌సాగరం నిలిచి, ఇది నడుమ లంకవలె మిగిలినది. ఐనా ప్రముఖుల విమానాలూ, సైనిక విమానాలూ ఇక్కడ దిగుతూనే ఉన్నవి. ఉత్తరాన హకీంపేటలోనూ, దుండిగల్‌లోనూ వైమానిక దళపు యువకులు, యువతులు ఈ ఆకాశంలోనే విద్య నేర్చుకొంటున్నారు. కనుక ఇక్కడి వాతావరణం వారికి ప్రాణసమానమైన విషయం. మా రేడియోలో "అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు" అని చెబితే రైతుకు కొంత ఉపయోగం ఉండవచ్చును. పైలటుకు ఆ మాట చాలదు. ఆయనకు కావలసినది ఈ చోటి గాలి, ఈ అరగంట గాలి.

మొదట ఎండ సంగతి. బేగంపేట సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచనవుతుంది. వేడెక్కితే మరింత పలుచనవుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నారు. ఆ రోజులలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరితే, లెక్క ప్రకారం ఇక్కడి గాలి సుమారు 5,200 అడుగుల కొండమీది గాలివలె ప్రవర్తిస్తుంది. రెక్కకు పట్టు చాలదు, ఇంజనుకు ఊపిరి చాలదు. చిన్న విమానం సముద్రతీరంలో చల్లని పూట లేవడానికి తీసుకొనే పరుగుకు ఇక్కడ ఒకటిన్నర రెట్లు కావలసి వస్తుంది. రన్‌వే పొడవు మూడువేల మీటర్లకు పైగా ఉన్నది కాబట్టి పరుగుకు లోటు లేదు. చిక్కు ఆ తరువాత. విమానం మెల్లమెల్లగా పైకి ప్రాకుతూ ఉంటే క్రింద అంతా ఇండ్లే. ఇంజను మొరాయిస్తే దిగడానికి పూర్వంవలె చెలకలు లేవు. శిక్షణ విమానాలు తెల్లవారుజామున లేవడానికి ఇష్టపడేది ఇందువల్లనే.

ఎండను మించినది ఎండ తరువాత వచ్చే గాలివాన. ఏప్రిల్, మే నెలలలో ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి దూదికుప్పలవంటి మేఘాలు లేస్తాయి. సాయంకాలానికి వాటిలో ఒకటి రెండు పెరిగి, తల దాగలివలె చదునై, యాభై వేల అడుగులు దాటవచ్చును. దానిని క్యుములోనింబస్ అంటారు. దాని పొట్టలో గాలి ఒకచోట పైకి దూకుతుంది, ప్రక్కనే క్రిందికి కూలుతుంది. కూలిన గాలి నేలను తాకి, బోర్లించిన కుండలోని నీటివలె నలువైపులా పరచుకొంటుంది. వానకు ముందు మన వీధిలో దుమ్ము లేపే చల్లని ఈదురుగాలి అదే. మనకు అది హాయి. దిగుతున్న విమానానికి మాత్రం మొదట ఎదురుగాలి తగిలి, విమానం తేలినట్లు తోచి, పైలటు ఇంజను తగ్గిస్తాడు. మరుక్షణంలో క్రిందికి త్రోసే గాలి, ఆ వెంటనే వెనుకగాలి. వేగం పడిపోతుంది; నేల దగ్గరనే ఉన్నది. 1975లో న్యూయార్కులో జరిగిన ఘోర విమాన ప్రమాదాన్ని పరిశీలించిన ఆచార్య ఫుజిటా ఈ కూలుగాలి స్వభావాన్ని వివరించి, దానికి డౌన్‌బర్స్ట్ అని పేరు పెట్టినారు. అంతవరకు ఎన్నో ప్రమాదాలకు పైలటునే తప్పు పట్టేవారు.

ఇది దూరదేశపు మాట కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయం 8 గంటల 38 నిమిషాలకు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరులో బయలుదేరినది ఈ బేగంపేటనుండే. చిత్తూరు జిల్లాకు పోవలసిన ఆ హెలికాప్టరు నల్లమల అడవిలో కూలి, అందులోని ఐదుగురూ మరణించినారు. విచారణ సంఘం తీవ్రమైన మేఘంలోని కూలుగాలిలో హెలికాప్టరు అదుపు తప్పినదని తేల్చినది. చమురు పీడనానికి సంబంధించిన ఒక హెచ్చరిక విషయమై చోదకులు కొన్ని నిమిషాలు పుస్తకం తిరగవేస్తూ ఉండిపోయినారని కూడ చెప్పినది. ఎదుట ఎవరు కూర్చున్నా, క్రింద ఏ సభ వేచి ఉన్నా, వెనుదిరగడం పైలటు హక్కు అని పుస్తకాలలో ఉన్నది. ఆ హక్కును వాడుకొనడానికి ఆయనకు తగిన వాతావరణం మనం కల్పించినామా అన్నది వేరు ప్రశ్న. మా దృష్టిలో అదే పెద్ద ప్రశ్న.

హైదరాబాదు వాతావరణ కేంద్రం బేగంపేటలోనే ఉన్నది. విమానాశ్రయాల నివేదికలలో గాలి దిక్కు, వేగం, ఎంత దూరం కనబడుతున్నది, మేఘం ఆకాశంలో ఎనిమిదింట ఎన్ని పాళ్ళు కప్పినది, దాని అడుగు ఎంత ఎత్తున ఉన్నది, ఇవన్నీ అంకెలలో ఉంటాయి. గాలిపీడనం ఒక్క హెక్టాపాస్కల్ తేడా పడితే ఎత్తు చూపే పరికరంలో సుమారు 28 అడుగులు తేడా వస్తుంది. పాత అంకె పెట్టుకొని వచ్చినవాడు తాను అనుకొన్నదానికంటె నేలకు చేరువలో ఉండవచ్చును.

చలికాలం కొంత మంచిది. గాలి చిక్కన, ఆకాశం నిర్మలం. ఒక్క తెల్లవారుజామున మాత్రం సాగరంమీది తేమా, నగరపు పొగా చల్లని నేలగాలిలో చిక్కుకొని పైకి పోలేక మసక కమ్ముతుంది. కంటి చూపుతో నడిపే విమానానికి ఐదు కిలోమీటర్లు కనబడాలని నియమం. అప్పుడు పైలటు చేయగలిగినది లేదు. విమానం రెక్కల క్రింద కూర్చుండి, సూర్యుడు రెండు బారలు పైకెక్కి నేల వేడెక్కేవరకు వేచి ఉండవలసినదే.