షుగర్ ఉన్న పిల్లలకు మనమే అండ



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే విన్నాం. నేను పిల్లల జబ్బు గురించి రెండు మాటలు చెబుతాను.

షుగర్ పెద్దవాళ్ళకే వస్తుందనుకుంటాం. పిల్లలకీ వస్తుంది. దాన్ని టైప్ 1 అంటారు. స్వీట్లు తిన్నందుకు వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది, అందుకే రోజూ సూది వేసుకోవాల్సిందే. ఎవరో చెప్పిన ఆకుమందు నమ్మి సూది మాన్పిస్తే ప్రాణానికే ముప్పు. పిల్లలు ఊరికే దాహమంటున్నా, మాటిమాటికీ ఒంటేలుకు వెళ్తున్నా, తింటూ కూడా చిక్కిపోతున్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మా ఊళ్ళో ఆరో తరగతి పాప ఒకామె ఉంది. మా సంఘం సభ్యురాలి కూతురే. "ఎవరికీ చెప్పకు, రేపు పెళ్ళి కాదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారట. పాప దాచుకుంది. ఒకరోజు బడిలో అన్నం ఆలస్యమైంది. పొద్దున సూది వేసుకుని ఉంది, కడుపు ఖాళీ. చెమటలు పట్టి, చేతులు వణికి బెంచీ మీద వాలిపోయింది. అందరూ ఎండదెబ్బ అనుకున్నారు. పక్కన కూర్చునే స్నేహితురాలికి ఒక్కదానికే సంగతి తెలుసు. "చక్కెర పెట్టండి సార్" అని ఆ పిల్ల అరవబట్టి గండం గడిచింది.

ఆ వారం మీటింగులో తల్లి ఏడుస్తూ అంతా చెప్పింది. మేం పాపనే అడిగాం, ఎవరికి చెబితే నీకు ధైర్యంగా ఉంటుందమ్మా అని. క్లాసు టీచరు, ఆటల సారు, స్నేహితురాలు, వంట చేసే అక్క అంది. తల్లి పక్కన నిలబడింది, చెప్పింది మాత్రం పాపే. వంట అక్క కూడా సంఘం మనిషే. ఇప్పుడు అన్నం ఆలస్యమయ్యేలా ఉంటే ముందుగా ఆ పాపకి కబురు చెబుతుంది. పాప సంచిలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉంటుంది.

అక్కలారా, ఇది గుర్తుపెట్టుకోండి. సూది వేసుకునే పిల్లలకు వణుకు, చెమట, ఆకలి, తికమక మాటలు కనిపిస్తే షుగర్ పడిపోయిందని అర్థం. వెంటనే 3 చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ గడ్డకట్టే అరలో వద్దు. ఫ్రిజ్ లేకపోతే నీడలో, తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండ చాలు.

ఆయాసం, ఫిట్స్ ఉన్న పిల్లలకూ ఇదే దారి. ఏం చేయాలో నలుగురికి తెలిసుండాలి, ఆ నలుగురు ఎవరో పిల్లలే చెప్పాలి.

నాది ఒక్కటే కోరిక. ప్రతి గ్రామ సంఘం ఇలాంటి పిల్లల తల్లులతో ఒకసారి కూర్చోవాలి. షుగర్ చూసే మిషన్‌కి, స్ట్రిప్పులకి అప్పు అడిగితే ముందు వరసలో ఇవ్వాలి. ఈ రోజే తీర్మానం రాద్దాం. సెలవు.