ఒకటో పుస్తకం



సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుతో మనలో చాలామందికి పని ఒక్క పూటే. బయట దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని రాయించుకుంటాం, చలానా కడతాం, లోపలికి వెళ్లి ఫోటో దిగి వేలిముద్ర వేస్తాం, సాక్షులకు టిఫిను పెట్టించి పంపిస్తాం. అంతటితో అయిపోయిందనుకుంటాం. ఆఫీసు తన అసలు పని ఆ తర్వాతే చేస్తుంది. మనం తెచ్చిన దస్తావేజును పొల్లు పోకుండా తన పుస్తకంలోకి ఎక్కించుకుంటుంది. ఆ పుస్తకం గురించి, దాంట్లోంచి మనం తీసుకోదగ్గ నకలు గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. 1909 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నూరు రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తిని అమ్మినా, తనఖా పెట్టినా ఆ కాగితం రిజిస్టరు కావాలని అందులో ఉంది. నూరు రూపాయల అంకె ఈనాటికీ అలాగే ఉంది. ఇప్పుడు ఆ డబ్బుకు దస్తావేజు పెట్టుకునే మంచి ఫైలు వస్తే గొప్ప.

ఆఫీసులో పుస్తకాలు రకరకాలు. క్రయం, తనఖా, దానం, భాగపరిష్కారం, ఇలా స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులన్నీ ఎక్కేది ఒకటో పుస్తకంలోకి. ఏదైనా దస్తావేజును రిజిస్టరు చేయడానికి నిరాకరిస్తే ఆ కారణాలు రెండోదాంట్లో రాస్తారు. వీలునామాలు మూడోది. స్థిరాస్తితో నేరుగా ముడిపడని తతిమ్మా కాగితాలు నాలుగోది.

మీ ఇంట్లో పాత క్రయ దస్తావేజు ఉంటే ఒకసారి తీసి, వెనక రాతలు చూడండి. ఎవరు దాఖలు చేశారు, ఏ రోజు, ఏ గంటలకు, రాసిచ్చినట్టు ఎవరు ఒప్పుకున్నారు, వాళ్లను గుర్తుపట్టిన సాక్షులెవరు, అన్నీ వరసగా ఉంటాయి. చివర ఎర్రసిరాతోనో నల్లసిరాతోనో ఒక ముక్క: ఒకటో పుస్తకము, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలలో, ఫలానా సంవత్సరపు ఫలానా నంబరుగా రిజిస్టరు చేయబడినది. కింద సంతకం, గుండ్రటి సీలు. ఈ ఒక్క వాక్యమే మీ దస్తావేజు చిరునామా. నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి సంవత్సరం చెప్పకుండా నంబరు ఒక్కటే చెబితే ప్రయోజనం లేదు. ఆఫీసు పేరు చెప్పకపోతే ఆ రెండూ తెలిసినా వృథాయే.

చాలాకాలం ఈ ఎక్కించడమంతా చేతిరాతే. గుమాస్తా దస్తావేజును ముందు పెట్టుకుని పెద్ద వాల్యూములోకి అక్షరం అక్షరం దించేవాడు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసేవారు. అసలులో కొట్టివేత ఉంటే, పంక్తి మధ్య ఇరికించిన మాట ఉంటే, దాన్ని కూడా నోట్ చేసేవారు. దిద్దుబాటును సైతం దాచకుండా రాసిపెట్టడమే ఆ పద్ధతిలోని నిజాయితీ. అయితే పని పేరుకుపోయి, దస్తావేజు తిరిగి చేతికి రావడానికి జనం పదేపదే తిరగాల్సి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ అనే పథకం కింద ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక ఆ తిప్పట తగ్గింది. తర్వాత స్కానింగ్ వచ్చింది. ఇప్పుడు కొత్త దస్తావేజు నకలు అంటే ఆ స్కాను ప్రతే, అధికారి ధ్రువీకరణతో.

ఇక అసలు సంగతి. ఒకటో పుస్తకం ఎవరిది? అందరిదీ. చట్టంలోని 57వ సెక్షను ప్రకారం రుసుము కట్టినవారెవరైనా దాన్ని చూడొచ్చు, అందులోని దస్తావేజుకు నకలు అడగొచ్చు. పొలం మీది కానక్కర్లేదు. అమ్మినవాడు, కొన్నవాడు మీకు చుట్టం కానక్కర్లేదు. అమెరికాలో ఉన్న కొడుకు ఇంటి దస్తావేజు నకలు ఇక్కడి పక్కింటాయన తీసుకోవాలన్నా పవరాఫ్ అటార్నీ అక్కర్లేదు. ఇదేమిటి, మన ఆస్తి వివరాలు ఊరందరికీ ఇచ్చేస్తారా అని కొందరు నొచ్చుకుంటారు. ఆస్తి బదిలీ చట్టంలో దీనికి జవాబుంది. స్థిరాస్తి దస్తావేజు సక్రమంగా రిజిస్టరయ్యాక, ఆ తర్వాత ఆ ఆస్తి కొనేవాడికి దాని సంగతి తెలిసినట్టే లెక్క. తనఖా ఉందని నాకెవరూ చెప్పలేదండీ అంటే కోర్టు వినదు. తెలుసుకోవలసిన భారం మన మీద పెట్టినప్పుడు, పుస్తకం తలుపు కూడా మనకు తెరిచి ఉంచడమే న్యాయం.

ఈ తెరిచిన తలుపులోంచి దొంగలూ దూరారు. 2018లో తెలంగాణలో రిజిస్టరైన దస్తావేజుల మీది వేలిముద్రలను రబ్బరు ముద్రలుగా చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన మోసం బయటపడింది. ఆన్‌లైన్లో దొరికే ప్రతుల్లో వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడనీయకూడదన్న జాగ్రత్త ఇలాంటి వాటి వల్లే పెరిగింది. కప్పాల్సింది వేలిముద్రను. పుస్తకాన్నే మూసేస్తామంటే కొనేవాడి గతి ఏమిటి?

మూడు, నాలుగు పుస్తకాల పద్ధతి వేరు. వీలునామా రాసినాయన బతికున్నంతకాలం దాని నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. కన్నకొడుకు వచ్చి అడిగినా ఇవ్వరు. ఆయన పోయాక మాత్రం ఎవరడిగినా ఇస్తారు. నాలుగో పుస్తకంలో ఉన్నది రాసిచ్చినవారికి, దాని కింద హక్కు పొందినవారికి, లేదా వారి ఏజెంటుకో ప్రతినిధికో మాత్రమే. జనరల్ పవరాఫ్ అటార్నీలు సాధారణంగా ఇందులోకే వెళతాయి. కాబట్టి జీపీఏ పట్టుకుని స్థలం అమ్మవచ్చినవాడి విషయంలో మీరు సొంతంగా నకలు తెచ్చుకోలేకపోవచ్చు. ఆయన చేతే తెప్పించమనండి. తెప్పించనంటే ఆ బేరం అక్కడితో వదిలెయ్యడం మంచిదని నా సలహా.

నంబరు, సంవత్సరం, ఆఫీసు తెలిస్తే నకలు తేవడం పెద్ద పని కాదు. ఆఫీసులో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టొచ్చు. తెలియనప్పుడే చిక్కు. అప్పుడు ముందు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తియ్యాలి. గ్రామం, సర్వే నంబరు, చెక్కుబందీ చెబితే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, దస్తావేజు నంబర్లతో సహా అందులో వస్తాయి. కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్లి పాత ఇండెక్సులు తిరగేయించాలి. అక్కడ పేర్లు మహా ఇబ్బంది పెడతాయి. ఒక దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం. అమ్మమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, మరోచోట భర్త పేరుతో. తాతగారిని కాగితాల మీద ఎన్ని రకాలుగా రాశారో ముందే ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.

మీ ఊరు ఇప్పుడు ఏ ఆఫీసు కింద ఉందన్నది ఒక్కటే చాలదు, దస్తావేజు నాడు ఏ ఆఫీసు కింద ఉందో కూడా తెలియాలి. కొత్త ఆఫీసు వెలిసినా పాత వాల్యూములు పాతచోటనే ఉండిపోవడం మామూలు. తెలంగాణలో ఇంకో తేడా ఉంది. 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసుకు మారాయి. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. కానీ 1990లో మీ నాన్నగారు కొన్న చెలక దస్తావేజు కోసం వెళ్లాల్సింది సబ్‌రిజిస్ట్రారు దగ్గరికే.

అసలు దస్తావేజు పోతేనే నకలు కావాలని చాలామంది అనుకుంటారు. పోయినప్పుడు కావాలి, నిజమే. పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటనతో పాటు నకలు కూడా ఉండాలి. అసలు పోయిందని రుజువైతే అందులో ఏముందో చూపడానికి కోర్టులో నకలు సాక్ష్యంగా నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువ ఉపయోగం, అసలు ఎదురుగా ఉన్నప్పుడే. అమ్మేవాడు చూపిస్తున్న కాగితంలో అరెకరం ఒకటిన్నర ఎకరమైందా, ఉత్తరపు హద్దులో డొంక మాయమైందా, మధ్యలో ఒక పేజీ మారిందా అన్నది ఆఫీసు నకలుతో పోల్చితేనే బయటపడుతుంది. బ్యాంకు వకీళ్లు అప్పు ఇచ్చేముందు నకలు అడిగేది ఇందుకే.

నకలు చెప్పలేనిది కూడా ఒకటుంది. దస్తావేజులో ఏం రాశారో అది చెబుతుందే గాని, రాసిచ్చినవాడికి ఆ భూమి మీద నిజంగా హక్కుందో లేదో చెప్పదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ హక్కుకు హామీ కాదు. అందుకే ఒక్క దస్తావేజుతో ఆగకుండా, దానికి ముందుది, దాని ముందుది, లింకు డాక్యుమెంట్లన్నిటికీ నకళ్లు తెప్పించి, వకీలుకు చూపించి, హద్దులు పట్టుకుని పొలం గట్టు మీద నిలబడి సరిచూసుకోవాలి.

అమ్మా, అయ్యా, రెండు పనులు చెయ్యండి. ఇంట్లో ఉన్న దస్తావేజుల నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు రాసి, దస్తావేజులున్న బీరువాలో కాకుండా వేరేచోట పెట్టండి. కొత్తగా ఏదైనా కొనబోతుంటే అడ్వాన్సు ఇవ్వకముందే నకలుకు దరఖాస్తు పెట్టండి. దాని రుసుము వందల్లోనే ఉంటుంది.