వైఫై జాప్యము: కారణాన్వేషణము

లినక్స్ కంప్యూటరునందు వైఫై మందగించి, దూరదేశమందలి బిడ్డల మాట తునకలై వినవచ్చినపుడు మనము వెంటనే ఇంటర్నెట్టు సంస్థను నిందింతుము. దోషమెచ్చట నున్నదో ముందు తెలిసికొనవలెను.

'పింగ్' అను ఆజ్ఞతో ఇంటనున్న రౌటరును పలుకరింపుడు. ప్రత్యుత్తరము లెల్లప్పుడు కొలది మిల్లీసెకండ్లలో వచ్చినచో వైఫై నిర్దోషి. ఒకమారు 2, మరొకమారు 100 మిల్లీసెకండ్లు పట్టినచో దోషమింటిలోనే కలదు.

ఇందుకు తరచు కారణము విద్యుత్తు పొదుపు. వైఫై కార్డు నిద్రించుచుండగా దానికి వచ్చిన సమాచారమును రౌటరు నిలిపియుంచును. సుమారు 102 మిల్లీసెకండ్లకొకమారు రౌటరు పంపు సంకేతమునకు కార్డు మేల్కొనును.

'ఐడబ్ల్యూ' ఆజ్ఞతో ఈ పొదుపును మాన్పి, మరల కొలిచి చూడుడు. జాప్యము తొలగినచో నెట్‌వర్క్ మేనేజరు అమరికలో వైఫై పవర్‌సేవ్ విలువను 2గా వ్రాసి స్థిరపరుపుడు. బ్యాటరీ లేని యంత్రమునకు ఈ పొదుపువలన లాభము స్వల్పము. తొలగనిచో 5 గిగాహెర్ట్స్ మార్గమునకు మారి చూడుడు.