లైసెన్సు పగ్గము ఎవరికి?
(గ్రంథాలయ సభలో గావించిన ఉపన్యాసము)



నేటి విషయమును పేరెత్తి పలుకుటకే పెద్దలు సంకోచింతురు. ఆ సంకోచమువలన లాభము పొందువాడొక్కడే కలడు: చీకటిలో స్త్రీని అమ్మి ధనము కూడబెట్టువాడు. కావున దాచక మాటాడుదము. వేశ్యావృత్తిని చట్టము అంగీకరించిన దేశమున, దాని నాశ్రయించి పెరుగు నేరములను నగరపాలకులు లైసెన్సు నిబంధనలతో అణచగలరా? ఈ ప్రశ్నకు హాలండు దేశమునందలి ఆంస్టర్‌డామ్ నగరము ఇరువదియేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నది. ఆ నగరపు అనుభవమును మీ ముందుంచ దలచితిమి.

హాలండులో 1911 నాటి చట్టము వేశ్యాగృహములు నడుపుటను నేరముగా జేసెను. చట్టము పుస్తకములో నుండెను. గృహములు వీధిలో నుండెను. పోలీసులు చూచియు చూడనట్లుండిరి. 2000 సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆ నిషేధము తొలగినది. వయస్సు వచ్చిన స్త్రీ తన ఇష్టముతో ఈ వృత్తి జేయుటకు స్థలమిచ్చుట నాటినుండి నేరము గాదు. బలవంతము, మైనరులను ఈ వృత్తికి దింపుట మాత్రము ఘోరాపరాధములుగనే నిలిచినవి. లైసెన్సులిచ్చు అధికారము నగరపాలకులకు వచ్చెను. వ్యాపారమును వెలుగులోనికి దెచ్చినచో నేరము తనంతట తానే తొలగునని పలువురు ఆశించిరి.

ఆశ ఫలింపలేదు. అచ్చటి వృత్తిలో ఒక భాగము ‘కిటికీ’లలో సాగును. వీధివైపు అద్దపు తలుపుగల చిన్నగదిని స్త్రీ పూటకింతయని అద్దెకు దీసికొనును. ఇట్టి కిటికీల వెనుకనే ఒక ముఠా అనేక స్త్రీలను కొట్టి, బెదరించి, వారి సంపాదనను లాగికొనుచుండెనని 2008లో జాతీయ పోలీసుశాఖవారి నివేదిక వెల్లడించెను. గదికి లైసెన్సు కలదు, స్త్రీకి పాస్‌పోర్టు కలదు, వయస్సు సరిపోయినది. తనిఖీకి వచ్చిన అధికారి అన్నియు సరిగా నున్నవని వ్రాసికొని పోవును. భయము ఏ కాగితమునందును వ్రాయబడి యుండదు గదా!

మేము న్యాయస్థానములలో తిరుగువారము. ఇట్టి అభియోగము సాక్షి నోటిమీద ఆధారపడును. ఆ సాక్షి తల్లియో బిడ్డయో దూరదేశమున ముఠాకు అందుబాటులో నున్నపుడు ఆమె నోరు విప్పునా? ఈ చిక్కు నెరిగియే హాలండువారు 2003లో వేరొక చట్టమును అమలులోనికి దెచ్చిరి. దానిని ‘బిబాబ్’ యందురు. లైసెన్సు చాటున నేరము జరుగుననియో, నేరార్జిత ధనము చెల్లుబాటగుననియో గట్టి ప్రమాదము కనబడినచో, లైసెన్సును నిరాకరింపవచ్చును; ఇచ్చినదానిని రద్దు చేయవచ్చును. ఈ భవనమును కొన్న సొమ్ము ఎవరిది? అప్పిచ్చినవాడెవడు? భాగస్వాము లెవరు? ఇట్టి ప్రశ్నలు నగరము అడుగజొచ్చెను. యాబ్ యుమ్ అను సుప్రసిద్ధమైన ధనికుల విలాసగృహము వెనుక నేరగాండ్ర పలుకుబడి కలదని అనుమానించి లైసెన్సు రద్దు చేయగా, 2008 జనవరిలో అది మూతపడినది.

అనుమానముమీద అధికారము చెలాయించుట న్యాయమా యని మీరడుగుదురు. అడుగవలసినదే. విచారణలేని నిర్బంధమునకు దారిదీసిన 1919 నాటి రౌలట్ చట్టము నెదిరించిన జాతి మనది. కాని మనుష్యుని చెరబెట్టుట వేరు. వ్యాపారమునకు నగరమిచ్చిన అనుమతిని వెనుకకు దీసికొనుట వేరు. రెండవదానికి సాక్ష్యము కొంత తక్కువైనను చాలును. అయినను కారణములు వ్రాతమూలకముగా దెలుపవలెను, యజమాని మాట వినవలెను, అప్పీలుకు దారి యుండవలెను. ఈ మూడును లేని లైసెన్సు అధికారము లంచమునకు పుట్టినిల్లగును.

ఇంకొక నిబంధన మాకు మిక్కిలి నచ్చినది. కిటికీలు నడుపువాడు తన గదులలోని స్త్రీలతో వారికి దెలిసిన భాషలో మాటాడగలిగి యుండవలెనని ఆంస్టర్‌డామ్ కోరెను. చూచుటకు చిన్న షరతే; కాని లోతైనది. యజమానికి ఆమె మాట తెలియనిచో నడుమ దుబాసి కావలెను. ఆ దుబాసియే ఆమెను కొనితెచ్చినవాడైనచో? ఒక యజమాని మరి రెండు గృహములకు లైసెన్సు కోరగా, అతడు హంగేరీ, బల్గేరియా స్త్రీలకు గదులిచ్చుచు వారితో మాటాడజాలకుండెనని నగరము నిరాకరించెను. వ్యాజ్యము యూరోపియన్ యూనియను న్యాయస్థానము దాక పోయెను. నేరనివారణకు ఇట్టి షరతు తగినదేయని 2015 అక్టోబరు 1వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను.

అయితే నగరము చేసినదంతయు ఇట్టిదే కాదు. 2007లో ఒక యజమానికి చెందిన సుమారు 50 కిటికీలుగల భవనములను 2 కోట్ల 50 లక్షల యూరోలకు కొనిపించి, వానిని ఇతర వ్యాపారములకు మార్చ మొదలిడెను. యజమాని సొమ్ము పుచ్చుకొని సుఖముగా వెడలెను, స్త్రీకి దక్కినదేమి? 2015 ఏప్రిల్‌లో ఆ స్త్రీలే వీధికెక్కి, తమ కిటికీలు మూయవలదని నగరాధ్యక్షునకు విన్నవించుకొనిరి. యూట్రెక్ట్ నగరము 2013లో కాలువమీది పడవగృహముల లైసెన్సులను స్త్రీల విక్రయము జరుగుచున్నదను అనుమానముతో రద్దు చేసెను. ముఠాలకు దెబ్బ తగిలినదో లేదో గాని, నిర్దోషులైన స్త్రీలుకూడ ఒక్కపూటలో స్థలము గోల్పోయిరి. తలుపు మూసినంతమాత్రమున నేరము చావదు. తనిఖీ లేని వేరొక తలుపు వెదకికొనును. దీనిని గుర్తించియే గాబోలు, 2017లో స్త్రీలకు నిర్వహణలో పాలుగల ఒక సంస్థ కొన్ని కిటికీలను నడుపుటకు ఆంస్టర్‌డామ్ తోడ్పడినది.

ఇందలి నీతి మన దేశమునకు క్రొత్తది గాదు. 1868లో దొరతనమువారు ఇచ్చట అంటురోగముల చట్టము చేసి స్త్రీలను పట్టీలలో నెక్కించి, నిర్బంధ వైద్యపరీక్షలకు లోబరచిరి. వచ్చిపోవు పురుషునికి పట్టీ లేదు, పరీక్ష లేదు. సైనికుల ఆరోగ్యమునకై స్త్రీ మెడకు పగ్గము వేసిన ఆ చట్టము 1888లో రద్దయినది. అదియు ‘క్రమబద్ధము చేయుట’ యనియే పిలువబడినది! పేరొక్కటే, పగ్గము పడిన మెడ వేరు.

మన దేశమున వేశ్యాగృహము నడుపుట 1956 నాటి చట్టము ప్రకారము శిక్షార్హము. దానికి లైసెన్సులిమ్మని మేము కోరుటలేదు. కాని వసతిగృహములకు, వినోదశాలలకు అనుమతులిచ్చు పురపాలక సంఘములు మనకును గలవు. దాడి జరిగిన మరునాడు పత్రికలో స్త్రీ ముఖము కనబడును. భవనపు యజమాని పేరు కనబడదు. అద్దె ఎవరికి ముట్టినది, అనుమతి ఎవరి పేర నున్నది, సొమ్ము ఎచ్చటినుండి వచ్చినదని అడుగువారేరీ?

లైసెన్సు మంచి ఆయుధమే. అది లాభము తినువాని ఖాతాను శోధించినపుడు నేరమును కొట్టును. స్త్రీ కాలిక్రింది నేలను లాగినపుడు నేరగానికే దోహదము చేయును. ఈ భేదమును మీ కౌన్సిలరులు మరచినచో, వారికి జ్ఞాపకము చేయవలసినవారు మీరే. ఈ ఊర అట్టి స్త్రీ యెవరైన న్యాయసహాయము కోరి వచ్చినచో, ఫీజు లేకయే ఆమె పక్షమున నిలుచుటకు మేము సిద్ధముగా నున్నాము.