యుద్ధం వేళ పేపర్ల మాట



2025 మే నెల గుర్తుందా? ఎడిట్ పేజీ తెరిస్తే ఆపరేషన్ సిందూర్. మన పక్కనే ములుగు సరిహద్దుల కర్రెగుట్టల మీద ఏప్రిల్ 21 నుంచి 21 రోజులు ఇంకో యుద్ధం నడిచింది. 31 మంది మావోయిస్టులు చనిపోయిండ్రని సర్కారు లెక్క చెప్పింది. నేను చదివిన వ్యాసాల్లో గుట్ట కింది ఊరోళ్ల మాట ఒక్కటి లేదు.

పేపర్లను ఎందుకు నమ్మరని మనల్ని అడుగుతరు. ఎట్ల నమ్మాలె? 2012 జూన్‌ల, బీజాపూర్ జిల్లా సార్కెగూడ దగ్గర 17 మందిని కాల్చి చంపిండ్రు. అండ్ల పిల్లలు సుత ఉన్నరు. ముందుగాల అచ్చయింది మాత్రం 'మావోయిస్టులు' అనే. ఊరికి పోయిన కొద్దిమంది రిపోర్టర్లు వేరే మాట రాసిండ్రు, అది ఒప్పుకోవాలె. మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ తేల్చిన సంగతి బయటపడేసరికి 2019 వచ్చింది.

అందుకే వ్యాసం ఏదైనా నేను ముందు చూసేది ఇదే: రాసినాయన ఏ ఊరికి పోయిండు, ఎవలను అడిగిండు?