ఇల్లు బాగుచేయించునపుడు నమ్మదగిన మేస్త్రీని ఎన్నుకొనుట

(మైదుకూరులో జరిగిన పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను మాట మీరందరు ఎరిగినదే. క్రొత్త ఇల్లు కట్టుట ఒక కష్టమైనచో, ఉన్న ఇంటిని విప్పి బాగుచేయించుట అంతకు మించిన కష్టము. క్రొత్త ఇంటికి పునాది మన కన్నుల ఎదుటనే పడును. పాత గోడలో ఏమున్నదో విప్పిననే గాని తెలియదు. ఇంటి పనిలో తగవు వచ్చినపుడు జనులు మొదట వచ్చునది మీ వద్దకే. తగవు తీర్చుటకంటె తగవు రాకుండ చూచుట మేలు గదా! అందువలన ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

మన సీమ పల్లెలలో నేటికిని మట్టి మిద్దెలు కలవు. అడుసుతో కట్టిన రాతిగోడలు, వాటిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై బండలో కట్టెలో పరచి మట్టి పోసి, పైన చవుడు తోలిన కప్పు. అవి ఎండకు చల్లగను చలికి వెచ్చగను ఉండెడివి. ఏటేట వానకారునకు ముందు చవుడు తోలినంతకాలము చక్కగా నిలిచినవి. ఇప్పుడు ఆ పని చేయువారు తగ్గినందున పలువురు మిద్దె విప్పి స్లాబు వేయించుకొనుచున్నారు. ఇందు తప్పులేదు. కాని ఆ అడుసు గోడ స్లాబును మోయగలదా, లేక క్రింది నుండి కంబములు లేపవలెనా అనునది ఇల్లు చూడక చెప్పదగిన మాట కాదు. ఇంజనీరు చేత చూపించి తేల్చుకొనవలసిన మాట.

మా ఇంటి సంగతినే చెప్పెదను. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట మా తండ్రిగారు పాత మిద్దెను విప్పింపదలచిరి. ముగ్గురు మేస్త్రీలు వచ్చిరి. మొదటియాతడు నిచ్చెన వేసికొని పైకెక్కి, దూలములను ఉలితో పొడిచి చూచి, గోడమూల రెండడుగులు తవ్వించి, "తూర్పు గోడ పనికిరాదు, తీసి కట్టాల" అని పెద్ద మొత్తము చెప్పెను. రెండవయాతడు కొంచెము తగ్గించెను. మూడవయాతడు అరుగు మీదనే కూర్చుండి అందరికంటె తక్కువకు ఒప్పుకొనెను. పత్రము వ్రాసికొందమన్నచో, "మన మధ్య కాగితమెందుకు మామా?" అనెను. ఆ మాటకు మా తండ్రిగారు సంతోషించి సగము సొమ్ము ముందుగనే ఇచ్చిరి.

మిద్దె విప్పినపిమ్మట తూర్పు గోడ నోరు తెరచెను. అదనపు సొమ్ము కావలెనని ఆయన, ఒప్పుకొన్న మాటయే మాటయని మేము. ఆయన వేరొక పనికి పోయెను. ఇంతలో వాన వచ్చెను. కప్పులేని ఇంట విత్తనపు వేరుసెనగ కాయలు తడిసిపోయినవి. మూడు నెలలు పొరుగువారి కొట్టములో కాపురముంటిమి. మా తల్లిగారు ఆ యేడు విత్తనము కొనుటకు తమ గాజులు కుదువబెట్టిరి. తప్పు సగము మాదే. ఉన్న మాట చెప్పినవానిని కాదని, మాకు నచ్చిన మాట చెప్పినవానిని నమ్మితిమి.

కావున మొదటి పరీక్ష ఇది. ధర చెప్పుటకు ముందు మేస్త్రీ ఇంటిని పరీక్షించెనా? కప్పుపైకెక్కెనా? పునాది చూచెనా? చూడనివాడు చెప్పిన ధర ధర కాదు. అది పని పట్టుకొనుటకు వేసిన ఎర.

రెండవది, ఆయన చేసిన పాత పనులను చూచుట. నిన్న మొన్న సున్నము కొట్టిన ఇంటిని చూచిన లాభములేదు. రెండు మూడు వానకారులు గడచిన ఇంటికి పోవలెను. స్లాబు క్రింద చెమ్మ ఉన్నదా, గోడ బీటలు వారినదా అని చూడవలెను. ఒప్పుకొన్న గడువునకు ముగించెనా, కూలీలకు సరిగా కూలి ఇచ్చెనా అని ఆ ఇంటి ఇల్లాలిని అడుగవలెను. పని నడచినన్నినాళ్ళు ఇంట ఉండి చూచినది ఆమెయే.

మూడవది, ధరలను పోల్చుట. ఒకరు కూలికి మాత్రమే చెప్పుదురు, వేరొకరు సామగ్రితో సహా చెప్పుదురు. విప్పిన మట్టిని తోలుట ఒకరి లెక్కలో ఉండును, మరొకరి లెక్కలో ఉండదు. చేయవలసిన పనుల పట్టికను మనమే వ్రాసి, ముగ్గురికిని అదే పట్టిక ఇచ్చి ధర అడిగినపుడే తక్కువ ఎక్కువలు తెలియును.

నాలుగవది పత్రము. పని వివరము, గోడల కొలతలు, సిమెంటు పాళ్ళు, ఊచల లావు, గడువు, సొమ్ము చెల్లించు దశలు అందు ఉండవలెను. పాత ఇంటి పనికి ముఖ్యమైన మాట మరొకటి కలదు. విప్పినపిమ్మట కనబడని లోపము బయటపడినచో దానికి ఏ లెక్కన ఇచ్చుటయో ముందే వ్రాసికొనవలెను. మా ఇంట కాపురము చెడినది ఈ ఒక్క వాక్యము లేకనే. పత్రము వ్రాయించుట అపనమ్మకము కాదు. మంచి మేస్త్రీకి కూడ అది రక్ష.

అయిదవది, పని కొలిచి సొమ్మిచ్చుట. మన ప్రాంతమునకు నీరు తెచ్చు కె.సి. కాలువ చరిత్ర ఇందుకు పాఠము. 19వ శతాబ్దమున ఆ కాలువ పనిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టినది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చినది. పని బాగైనను కాకున్నను వాటాదారులకు ఆ వడ్డీ తప్పదు. మూలధనము చాలలేదు. ఆదాయము వడ్డీకైనను సరిపోలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను స్వాధీనము చేసికొనవలసివచ్చినది. పనితో సంబంధము లేని సొమ్ము పనిని సాగనీయదు.

పంచాయతీ పనులలో కొలతల పుస్తకము లేనిదే బిల్లు లేదని మీరెరుగుదురు. ఆ పద్ధతినే ఇంటి పనికి వాడుడు. బయానా పదవవంతు మించనీయకుడు. పునాది, గోడలు, స్లాబు, పూత అని దశలు పెట్టి, ముగిసిన దశకే చెల్లింపుడు. చివరి పదవవంతును మొదటి వాన కురిసి కప్పు కారలేదని తేలువరకు నిలుపుకొనుడు. ఈ షరతు కూడ పత్రమున ఉండవలెను.

సామగ్రి మేస్త్రీయే తెచ్చునపుడు తూచి చూచుట అవమానము కాదు. 12 మీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల లావు గల ఊచ సుమారు 10 కిలోల 650 గ్రాములు తూగవలెను. సిమెంటు సంచిపై తయారైన వారము, సంవత్సరము ఉండును. మూడు నెలలు దాటిన సిమెంటు బలము తగ్గును. కాంక్రీటు పనికి 2000 సంవత్సరమున వెలువడిన భారత ప్రమాణము ప్రకారము, నాలుగున్నర మీటర్ల వెడల్పు వరకు గల స్లాబు క్రింది ముట్లు కనీసము 7 రోజులును, అంతకు మించినచో 14 రోజులును ఉంచవలెను. బూడిద కలిసిన సిమెంటుతో వేసినపుడు మనవంటి ఎండ ప్రాంతమున 14 రోజులు తడుపుట మేలు. స్లాబు వేసిన మూడవనాడే ముట్లు విప్పుదమను వానికి మన ఇంటికంటె తన తరువాతి పని ముఖ్యమని తెలిసికొనుడు.

ఇంత చేసినను మోసపోయినచో దారి కలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమున గృహనిర్మాణము కూడ సేవగా చేరియున్నది. రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైనచో రుసుము లేదు. 1915 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అచట అడుగునది పత్రము, రసీదులే.

ఇంటివారికి కూడ ధర్మము కలదు. నడుమ నడుమ పని మార్చుట, దశ ముగిసినను సొమ్ము బిగబట్టుట తగదు. కూలీల పొయ్యి ఆ సొమ్ముతోనే వెలుగును.

సభ్యులారా! మీ కార్యాలయమున ఒక నమూనా పత్రము ఉంచుడు. ఇల్లు విప్పుటకు అనుమతి కోరి వచ్చినవారికి దానిని చేతికిండు. అడిగినచో సాక్షిసంతకము చేయుడు. బంధువని చెప్పి ఏ మేస్త్రీని సిఫారసు చేయకుడు. ఆయన చేసిన ఇండ్లను చూపుడు, చాలును. ఒక రైతు కుటుంబము జీవితమున ఒక్కసారి కూడబెట్టిన సొమ్ము ఆ ఇంటి పనిలో ఉండును. అది వానపాలు కాకుండ కాపాడినచో, ఆ కప్పు క్రింద నిద్రించువారు మిమ్ము తలచుకొందురు.