రాతిమీద పరచిన గోనెపట్ట

ఈ దినము మన ధ్యానమునకు రెండవ సమూయేలు 21వ అధ్యాయము 10 నుండి 14 వచనములు.

2009 సెప్టెంబరు 2 మన కడప జిల్లా మరువలేని దినం. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఎక్కిన హెలికాప్టరు నల్లమలలో జాడ లేకుండా పోయింది. మరునాటి ఉదయం పావురాలగుట్టమీద శకలాలు కనబడ్డాయి. ఐదుగురూ మరణించారు. ఒక్క రాత్రి ఎదురుచూపే మనకంత భారమైతే, ఏండ్ల తరబడి ఎదురుచూచేవారి సంగతి ఏమిటి?

2016 జూలై 22న చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, సుమారు 3,400 మీటర్ల లోతున దాని శకలాలను గుర్తించారు. ఆ ఇండ్లలో ఎవరైనా తలుపు తట్టినప్పుడెల్లా గుండె ఎలా కొట్టుకొని ఉంటుందో ఆలోచించండి.

అమెరికాలోని అరిజోనాకు చెందిన క్లేటన్ కూల్స్ అనే వ్యాపారి రెండవ ప్రపంచయుద్ధంలో తూర్పు హిమాలయాలలో కూలిన విమానాలను వెదుకుతూ కొండలెక్కాడు. ఇది ఆయన ఉద్యోగం కాదు. ఆ అడవులు ఎరిగిన వేటగాళ్ళను దారి అడుగుతాడు. శకలాలపై మిగిలిన నంబర్లను వ్రాసుకొని, ఫోటోలు తీసి, పాత యుద్ధ రికార్డులతో సరిచూస్తాడు. 1944 జనవరి 25న చైనాలోని కున్‌మింగ్ నుండి అస్సాంలోని చబువాకు వస్తూ మాయమైన బి-24 విమానాన్ని ఆయన 2006లో అరుణాచల్ ప్రదేశ్‌లోని దమ్రో దగ్గర గుర్తించాడు. అందులో ఎనిమిదిమంది ఉండిరి. వారిలో రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అనే యువ అధికారి అవశేషాలు 2017లో స్వస్థలానికి చేరి సమాధి చేయబడ్డాయి. డెబ్బదిమూడు సంవత్సరాలు! కన్న తల్లిదండ్రులు ఆ దినము చూడలేదు.

"చచ్చినవారి ఎముకలతో మనకేమి పని?" అని మీరు అడుగవచ్చు. రిస్పాను చూడండి. దేశంలో మూడేండ్ల కరవు. ఆమె ఇద్దరు కుమారులు కొండమీద ఉరితీయబడ్డారు. ఆమె చేతిలో అధికారం లేదు, ఆయుధం లేదు. ఒక గోనెపట్ట ఉంది. దానిని రాతిమీద పరచుకొని, కోతకాలం మొదలు వాన కురియువరకు పగలు పక్షులను, రాత్రి మృగములను తోలింది. ఆ సంగతి దావీదు చెవిని పడింది. ఆ పిల్లలను అప్పగించిన రాజే వారి ఎముకలను ఏర్పించాడు, సౌలు, యోనాతానుల ఎముకలను కూడా తెప్పించి సమాధి చేయించాడు. ఆ తరువాతనే దేవుడు దేశము కొరకైన మనవిని ఆలకించెనని వాక్యం చెప్పుచున్నది.

ప్రియులారా, రిస్పా తన బిడ్డలను బ్రదికించలేకపోయింది. అయినా వారిని అనాథలుగా విడువలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఇసుకలో తమవారిని వెదికినవారు మన రాజంపేటవారే. కువైటు వెళ్ళిన కొడుకు ఫోను రాక కుమిలే తల్లి మీ వీధిలోనే ఉండవచ్చు. ఆమెతో "ఇక మరచిపో అమ్మా" అనకండి. ఆ బిడ్డ పేరు అడగండి. అర్జీ వ్రాసిపెట్టండి. ఆఫీసుకు తోడు వెళ్ళండి. ఆమె గోనెపట్టమీద కాసేపు ప్రక్కన కూర్చోండి.

తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె దొరకువరకు వెదకే కాపరి మన దేవుడు. ఏ కొండా, ఏ సముద్రమూ ఆయనకు మరుగు కాదు. జాడ తెలియని తమవారి కొరకు కన్నీరు విడుచు ప్రతి కుటుంబమును ఆయన ఆదరించును గాక. ఆమేన్.